మేస్త్రీ చూసిన కప్పు

బ్లోయరు ఆగితేనే ఫోను. రెండూ ఒకే గొట్టంలోంచి పోవాలి, ఆ గొట్టమేమో చెయ్యి పట్టేంత లావు, అందుకని గాలి కొట్టినంతసేపూ గాలే, మాట వినబడాలంటే గాలి ఆపాలి, ఇప్పుడే గాలి మొదలుపెట్టాం కాబట్టి ఇంకో గంట పడుతుంది, కూర్చోమ్మా, అని చెప్పి ఇంజనీరు వెళ్లాడు. ఆమె రేకుల షెడ్డులో బెంచీ మీద కూర్చుంది. కూర్చోవడం ఆమెకు కొత్త కాదు, పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చునే ఉద్యోగమే ఆమెది, సిటీ బస్సు డ్రైవరు. కానీ స్టీరింగు ముందు కూర్చోవడం వేరు, ఏ పనీ లేకుండా కూర్చోవడం వేరు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకుంటే అవి వాటంతటవే బస్సు తోలుతున్నట్టు అటూ ఇటూ కదులుతున్నాయి. బ్లోయరు మోతకు షెడ్డు రేకులు వణుకుతున్నాయి. పాత బస్సు ఫస్టు గేరులో ఎత్తు ఎక్కుతున్నట్టుంది ఆ మోత, ఎంతకీ గేరు మార్చేవాడు లేడు. మోగనీ, అది మోగినంతసేపూ లోపల ఏడుగురికి ఊపిరి. రైలు దారి కోసం కొండను తొలుస్తుంటే నాలుగు రోజుల కిందట సొరంగం పైకప్పు కూలింది, కూలింది వాళ్ల నెత్తిన కాదు, వాళ్ల వెనక, అదే అదృష్టమని అందరూ అంటున్నారు. ఆ రాళ్లగుట్టకు అవతల ఏడుగురు మనుషులు ఒంటి మీద దెబ్బ లేకుండా ఉన్నారు, ఇవతల లోకమంతా ఉంది. ఆ ఏడుగురిలో ఒకడు ఆమె మొగుడు.

ఇంజనీరు మంచివాడే. నిద్ర లేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి, అయినా చెప్పాల్సింది నాన్చకుండా చెప్పాడు. గుట్టలోంచి మనిషి పాకి రాగలిగినంత పెద్ద ఇనుప గొట్టం తోస్తున్నారు, అది చాలా దూరం పోయింది, కానీ చివర్లో ఏ వైపు నుంచి పొడుచుకు రావాలో తేలాలి, ఎడమ గోడ వారనా, కుడి గోడ వారనా. రాయి గట్టిగా ఉన్న వైపు వస్తే ఇవాళో రేపో అందరూ బయట ఉంటారు, గుల్లగా ఉన్న వైపు వస్తే ఆ కదలికకు అవతల మిగిలిన కప్పు కూడా దిగుతుంది, ఏడుగురి మీదికీ. బయటి యంత్రాలు కొంతవరకే చెబుతాయి, ఆ తరవాత లోపలివాళ్లే గునపంతో గోడ కొట్టి విని చెప్పాలి. గట్టి రాయి ఖంగుమంటుంది, లోపల పగులున్నది డొల్లగా పలుకుతుంది, కొట్టడం ఎవరైనా కొడతారు గానీ ఆ తేడా పట్టే చెవి లోపల ఒక్కరికే ఉంది, మీ ఆయనకి. ఆయనేమో గునపం ముట్టుకోవడం లేదు. కూలిన చోటు ఆ పొద్దున ఆయన కొట్టి చూసి ఫరవాలేదన్న చోటేనట. నా చెవి పోయింది, నన్నడగొద్దు అన్నాడట, అని గోడ వైపు తిరిగి పడుకున్నాడట, పంపిన రొట్టె కూడా పక్కవాడికి ఇచ్చేస్తున్నాడట. చీకటి పడేదాకానే ఆగగలం, గుట్ట జారుతోంది, అప్పటికి ఏ వైపో తేలకపోతే గుడ్డిగా తోసెయ్యడమే, మీరు చెబితే వింటాడేమో చూడండి. ఇంత చెప్పి ఇంజనీరు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. చొక్కా అద్దాల కన్నా మురికిగా ఉంది.

వింటాడేమోట. నిన్న ఆయన అక్క చెప్పింది, విన్నాడా. వదినది వెన్నలాంటి మనసు, తల్లి పోయాక తమ్ముణ్ని చంకనేసుకుని పెంచింది, ఇప్పటికీ ఆయన ఆమెకు ఏడేళ్ల పిల్లాడే. ఫోను అందుకోగానే నా తండ్రీ, నీ తప్పేం లేదురా, ఎవర్రా నీ తప్పన్నది అని బావురుమంది. నీ తప్పేం లేదురా అని ఎన్నిసార్లందో లెక్క లేదు. అవతల నుంచి ఊఁ అని వచ్చింది, కాసేపటికి అదీ ఆగిపోయింది, ఆ తరవాత ఆయన మళ్లీ ఫోను దగ్గరికి రాలేదు. ఇప్పుడామె షెడ్డు రెండో మూల కూర్చుని ముక్కు చీదుకుంటోంది, నేను మంచి మాటే కదా చెప్పాను అమ్మాయీ అని పొద్దున్నించి అడుగుతోంది. మంచి మాటే వదినా, మంచి మాట కాక ఏం చెబుతావు. మనసు డాక్టరమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుని నేర్పింది, కూలడం గురించి ఎత్తకండి, పిల్ల చదువు గురించి చెప్పండి, బయటికి వచ్చాక ఏం చేయాలనుందో అడగండి, గొంతు తేలిగ్గా ఉంచండి. చిన్నపిల్ల, ముప్పై కూడా ఉండవు, ఒళ్లు దాచుకోకుండా పనిచేస్తోంది. ఆ మాటలు తక్కిన ఇళ్లవాళ్లకు పనికొచ్చాయి కూడా. లోపల వెల్డరు ఒకడు మొదటిరోజంతా ఏడ్చినవాడు ఇప్పుడు పాటలు పాడి మిగతావాళ్ల బుర్ర తింటున్నాడట. భయపడ్డవాడికి ధైర్యం చెప్పడం మందే. ఈయన జబ్బు భయమైతే కదా.

షెడ్డు గుంజకు హెల్మెట్లు వేలాడుతున్నాయి, పసుపువి కొన్ని, తెల్లవి కొన్ని, మేస్త్రీలది ఏ రంగో ఎన్నడూ అడగలేదు. పదిహేడేళ్ల కాపురంలో ఆయన పనిచేసే చోటు చూడటం ఇదే మొదలు, ఎప్పుడు తీసుకెళతావు అని తను సతాయిస్తే ఏముందే అక్కడ, చీకటి, అనేవాడు. చూడటానికి భలే సమయం దొరికిందిలే అనుకుంది, ఆ వెటకారానికి తనకే నవ్వొచ్చి, వదిన చూస్తుందేమోనని తల దించుకుంది. చోటు చూడకపోయినా పని మాత్రం ఇంట్లో రోజూ చూస్తూనే ఉంది. ఆయనకు లోకంలో ప్రతిదీ కొట్టి చూడాల్సిందే. అద్దె ఇంటికి వెళితే ఇంటావిడ షరతులు చెబుతుంటే ఈయన వేలి కణుపులతో గోడలు కొట్టుకుంటూ వెనక గదిదాకా పోయేవాడు, పెద్దమనిషి మతిస్థిమితం లేనివాడనుకుని ఒకావిడ ఇల్లు ఇవ్వనే లేదు. కుండ, పుచ్చకాయ, నీళ్ల డ్రమ్ము, గ్యాసు సిలిండరు. పిల్లకు దగ్గొస్తే వీపు మీద రెండు వేళ్లతో కొట్టి చెవి ఆనించి ఎడమ పక్క కఫం పట్టింది అనేవాడు, డాక్టరు చెప్పిందీ ఒక్కోసారి అదే అయ్యేది, ఒక్కోసారి కాదు. పరిచయం కూడా అలాగే. తను కొత్తగా డ్యూటీ ఎక్కిన రోజులు, సీటు వెనక నిలబడ్డ మనిషి ఇంజను మూత మీద రెండు దెబ్బలు కొట్టి లోపల బోల్టు వదులైంది అన్నాడు. నోరు మూసుకుని వెనక్కి వెళ్లి కూర్చో అంది. డిపోలో చూస్తే నిజంగానే వదులైంది. మర్నాడు అదే మనిషి అదే చోట నిలబడ్డాడు, కొట్టలేదు, ఏమీ అనలేదు, ముసిముసిగా నవ్వుతున్నాడు, ఆ నవ్వుకు ఒళ్లు మండి బిగించార్లే అంది. అంతే, ఆ బిగించార్లేతో మొదలైంది. మీరెలా కలిశారని ఎవరడిగినా ఈ ముచ్చట చెప్పి, చెప్పడం పూర్తికాక ముందే తనే పడీపడీ నవ్వేవాడు. అంత నవ్వే మనిషి గోడ వైపు తిరిగి పడుకున్నాడట.

గోడ వైపు. ఆ మాట ఇంజనీరు నోట రాగానే లోపల కలుక్కుమంది, అప్పట్నించీ అది అక్కడే గుచ్చుకుని ఉంది. భయమైతే ఆయన గోడ వైపు తిరగడు. వరద వచ్చిన ఏడు నీళ్లు మంచాన్ని ముంచేస్తే పిల్లను అటకెక్కించి, పొయ్యి బీరువా మీదికి చేర్చి, కుర్చీ మీద కుర్చీ వేసుకుని ఆ పైన టీ కాచిన మొనగాడు, వీధి వీధంతా గోలపెడుతుంటే కిటికీలోంచి పక్కింటికి గ్లాసు అందిస్తూ, మునిగితే మునిగాం, టీ తాగి మునుగుదాం అన్నాడు. ఆయనకు కడుపు కోసి ఆపరేషను చేసినప్పుడు ఏడ్చింది తను, ఓదార్చింది ఆయన. అలాంటివాడు ఒక్కసారి మాత్రం గోడ వైపు తిరిగాడు. పక్కింటివాళ్లు ప్రహరీ ఉంచాలా పడగొట్టాలా అని అడిగితే పోయి కొట్టి చూసి, ఉంచండి, మీ మనవలదాకా ఉంటుంది అని చెప్పి వచ్చాడు. ఆ వానాకాలమే అది పడిపోయింది, మనుషులెవరికీ ఏమీ కాలేదు, స్కూటరు ఒకటి నుజ్జయింది. పక్కింటాయన పల్లెత్తు మాట అనలేదు, పైగా ఇంటికొచ్చి ఊరుకో మేస్త్రీ, ఆ వానకు ఏ గోడైనా పడేదే అన్నాడు. ఈయన మూడు రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నాడు, పెట్టిన పళ్లెం పెట్టినట్టే తీయాల్సి వచ్చేది. నాలుగో రోజు లేచి పనికి పోయాడు, పిల్లతో ఆడాడు, అంతా మామూలే, కానీ మళ్లీ ఆ వీధిలో ఎవరి గోడా కొట్టి చూడలేదు, ఎవరైనా పిలిస్తే నవ్వేసి ఏదో పని ఉన్నట్టు తప్పుకునేవాడు. తనూ పోనీలే అనుకుంది. అనుకోవలసింది కాదు. చావంటే ఆయనకూ భయమే, అందరికీ ఉన్నంత, దానికి టీ పోసి పక్కన కూర్చోబెట్టుకోగలడు. తప్పు చేశానన్న సిగ్గుకే ఆయన దగ్గర మందు లేదు. భయం మనిషిని లేపి పరుగెత్తిస్తుంది, సిగ్గు పడుకోబెడుతుంది. లోపల పడుకున్నది సిగ్గుపడ్డ మనిషి, వీళ్లంతా భయపడ్డ మనిషికి కబుర్లు పంపుతున్నారు, అవి ఆయనకు చేరవు.

ఎవరో టీ గ్లాసు చేతిలో పెట్టి పోయారు, చక్కెర ఎక్కువైంది. అమ్మ అయితే ఈ టీ పెట్టినవాణ్ని నాలుగు దులిపేది. నాన్న గడియారాలు బాగుచేసేవాడు. దుకాణం ఒక మధ్యాహ్నం కాలి బూడిదైంది, నాన్న పనిముట్లు, ఊళ్లోవాళ్ల గడియారాలు, అన్నీ. ఇద్దరిదీ ఒకటే నష్టం, ఒకటే ఇల్లు, ఒకటే ఆకలి. నెల తిరక్కుండా అమ్మ వీధరుగు మీద టీ పొయ్యి పెట్టింది, నాన్న కుర్చీలో కూర్చున్నాడు, మళ్లీ లేవలేదు. అంటే లేచేవాడు, తినేవాడు, పడుకునేవాడు, మనిషిగా లేవలేదు. మీ అమ్మది రాతిగుండె, మీ నాన్నది మెత్తని మనసు అని చుట్టాలందరూ తేల్చేశారు. తనూ చాలా ఏళ్లు అదే నమ్మింది, కొందరు పుట్టుకతోనే ఇనుము, కొందరు మైనం, తను ఎవరి పోలికో అని భయపడింది కూడా. కానీ అమ్మ గుండె రాయేం కాదు, వీధి పిల్లి చచ్చినా రెండు పూటలు ముద్ద దిగేది కాదు ఆవిడకి. ఇప్పుడీ బెంచీ మీద కూర్చుంటే ఆ ఇల్లు వేరేగా కనబడుతోంది. తెల్లారకముందే లారీలవాళ్లు అరుగు మీద దబదబా బాదేవాళ్లు, అమ్మా టీ అని, ఆలస్యమైతే విసుక్కునేవాళ్లు, అమ్మ కళ్లు తుడుచుకుంటూనో తిట్టుకుంటూనో లేవాల్సిందే. నాన్న తలుపు ఎవరూ బాదలేదు. ఒక్కరంటే ఒక్కరు ఒక్క గడియారం తేలేదు, పాపం ఆయన్నెందుకు కష్టపెట్టడం అనుకున్నారు. తనూ అంతే, పెళ్లయ్యాక చేతి గడియారం ఆగిపోతే బజార్లో ఎవరికో ఇచ్చింది, నాన్న చేతులు వణికితే చూడలేననుకుంది. అందరూ కలిసి ప్రేమగా, మర్యాదగా ఆయన్ని ఆ కుర్చీకి కట్టేశారు. ఇచ్చి ఉంటే అనుకోవడం ఇప్పుడు దండగ, నాన్న పోయి చాలా కాలమైంది. టీ చల్లారిపోయింది, అయినా తాగేసింది.

బ్లోయరు మోత ఒక్క క్షణం తగ్గింది, షెడ్డులో అందరూ తలెత్తారు, మళ్లీ అందుకుంది, అందరూ తల దించారు. తాతగారు గుర్తొచ్చాడు. తాతగారంటే తన తాత కాదు, డిపోలో బస్సు నేర్పిన ముసలాయన, అందరూ అలాగే పిలిచేవాళ్లు. పోస్టాఫీసు మలుపులో ఎడమకు తిప్పుతుంటే ఒక సైకిలు మనిషి బస్సుకీ గట్టుకీ మధ్య పడిపోయాడు, తొడ ఎముక విరిగింది, బతికాడు. విచారణలో డ్రైవరు తప్పు లేదన్నారు, సైకిలు రాకూడని వైపు నుంచి వచ్చిందన్నారు, అందరూ భుజం తట్టారు, ఈయన కూడా నీ తప్పేం లేదే అని రాత్రీ పగలూ అదే జపం. కానీ మలుపు తిప్పేముందు ఎడమ అద్దం చూడలేదని ఆమెకు తెలుసు. చూస్తే కనబడేవాడో లేదో వేరే సంగతి, చూడలేదు. నీ తప్పేం లేదు అని ఎవరన్నా అంటే వాళ్లకేమీ తెలియదని అర్థమయ్యేది, తెలియనివాళ్ల ఓదార్పు చెవి దాకా వచ్చి వెనక్కి పోయేది. సెలవు మీద సెలవు పెట్టింది, ఉద్యోగం మానేస్తానంది. అప్పుడు తాతగారు కబురు పెట్టాడు, ఖాళీ బస్సు తీయించాను, రా అని. వెళితే ఓదార్చలేదు. ఎడమ అద్దం చూడలేదు కదూ అన్నాడు. చూడలేదు అంది, ఆ మాట పైకి అనడం అదే మొదలు. సరే పోనివ్వు అని ఎడమ ద్వారం కింది మెట్టు మీద కూర్చున్నాడు, కాళ్లు బయటికి వేలాడేసి. చెయ్యి ఏమాత్రం తప్పినా గట్టు అంచున ఆ కాళ్లు నుజ్జవుతాయి, అలా కూర్చోవడం ఉద్యోగం ఊడే నేరం, కూర్చుని పేపరు తీశాడు. పోస్టాఫీసు మలుపుకు వచ్చేసరికి ఆమె జాకెట్టు చెమటతో తడిసి ముద్దయింది. అద్దం చూసింది. అద్దంలో ముసలాయన కాళ్లు, అరిగిన చెప్పులు. తిప్పింది. ఆయన పేజీ తిప్పాడు. మర్నాడు డ్యూటీ ఎక్కింది. నీకు గుండె ధైర్యం ఎక్కువమ్మా అని ప్రయాణికులు ఎవరైనా అంటే ఆమెకు నవ్వొచ్చేది, తనకున్న ధైర్యం తన గుండెలోంచి రాలేదు, ఆ ముసలి కాళ్లలోంచి వచ్చింది.

అక్కడ ఆమె ఆలోచన ఆగింది. కాసేపు ఏమీ ఆలోచించలేదు, గ్లాసు అడుగున టీ పొడి చూస్తూ కూర్చుంది. తరవాత గ్లాసు బెంచీ కింద పెట్టి లేచి ఇంజనీరును వెతుక్కుంటూ వెళ్లింది. ఇవతలి వైపు మీవాళ్లు పనిచేస్తున్నారు కదా, వాళ్ల నెత్తి మీది కప్పు ఎవరు కొట్టి చూశారు అని అడిగింది. చాలావరకు మీ ఆయనే అన్నాడు ఇంజనీరు. అయితే నేను ఈ షెడ్డు ఫోనులో మాట్లాడను, లోపలికి వెళ్లి గాలి గొట్టం దగ్గర్నుంచి మాట్లాడతాను అంది. కుదరదన్నాడు. మీవాళ్లున్నారుగా అంది. వాళ్ల పని అది అన్నాడు. మనసు డాక్టరమ్మ పరుగున వచ్చి అక్కడికి వెళితే మీ గొంతులో కంగారు వినిపిస్తుందండీ, ఆయనకు అది మంచిది కాదు అంది. వినిపించనీ, కంగారు నిజమే కదా, నాలుగు రోజుల్నించీ ఆయన నిజం మాట ఒక్కటి వినలేదు అని ఆమె అంది. ఇంజనీరు ఒకసారి కొండ వైపు, ఒకసారి దిగుతున్న పొద్దు వైపు చూశాడు. గాలి గొట్టం దాటి ఒక్క అడుగు కూడా వేయనని మాట తీసుకున్నాడు. హెల్మెట్ వదులుగా ఉంటే వదిన వచ్చి గడ్డం కింద పట్టీ బిగించింది, బిగించి అక్కడే నిలబడిపోయింది.

లోపల దీపాలున్నాయి, అయినా ఆయన చెప్పింది నిజమే, చీకటే. తడి మట్టి వాసన, డీజిలు వాసన. పట్టాల కోసం చదును చేసిన నేల మీద నీళ్లు సన్నగా పారుతున్నాయి. కప్పును మోస్తూ నాలుగడుగులకొకటి ఇనుప కమాను, ఒక్కోదాని మీద తెల్ల రంగుతో అంకె, ఆమె అంకెలు చదువుకుంటూ నడిచింది, స్టాపులు చదువుకున్నట్టు. కమానుకీ కమానుకీ మధ్య ఉత్త రాయి, నల్లగా చెమ్మగిల్లి. పైకి చూడకూడదనుకుంటూనే చూసింది. చూడగానే పిల్ల జ్ఞాపకం వచ్చింది. ఇద్దరం పోతే దానికెవరు అన్న ఆలోచన రాగానే కాళ్లు నిజంగానే ఆగిపోయాయి, ముందుకూ రావు వెనక్కీ రావు, ఇంజనీరు వెనక నుంచి వెళ్లిపోదామా అమ్మా అని మెల్లిగా అడిగాడు. భయం ఇంత బరువుగా ఉంటుందని ఆమె అనుకోలేదు. ఎదురుగా కొద్ది దూరంలో ఇద్దరు పనివాళ్లు పెద్ద గొట్టానికి వెల్డింగు చేస్తున్నారు, ఇంకొకడు పక్కనే బోల్తా వేసిన బకెట్టు మీద కూర్చుని రొట్టె నములుతూ ఆమె వైపు ఎవరీవిడ అన్నట్టు చూశాడు. వాడి దవడలు తీరిగ్గా ఆడుతున్నాయి. ఆ కప్పు కిందే వాడు నాలుగు రోజులుగా తింటున్నాడు. ఆమె ఊపిరి పీల్చి నడిచింది. రాళ్లగుట్ట ఎదుటికి వచ్చేసరికి బ్లోయరు ఆగింది, ఒక్కసారిగా నిశ్శబ్దమై చెవులు గుయ్యిమన్నాయి. ఇంజనీరు ఫోనులో లోపలివాళ్లతో ఏదో అన్నాడు, చాలాసేపు ఆగాడు, బలవంతంగా లేపి తెస్తున్నారు అని ఆమె చేతికిచ్చాడు.

"ఏమయ్యా" అంది.

"ఊఁ." గొంతు ఎండిపోయి ఉంది. "నువ్వు కూడా వచ్చావా. ఇంటికి పో, పిల్ల ఒక్కత్తే ఉంటుంది."

"పిల్ల మా చెల్లెలి దగ్గరుంది. నేను లోపలున్నాను."

"ఏ లోపల?"

"సొరంగంలో. నీకూ నాకూ మధ్య రాళ్లే. నువ్వు చూసిన కప్పు కింద నిలబడ్డాను."

ఎవడు రానిచ్చాడు నిన్ను, బయటికి పో అన్నాడు, ఆ గొంతు ఇందాకటి గొంతు కాదు. పోనంది. నీ తప్పేం లేదని చెప్పడానికి రాలేదు, అది నాకు తెలియదు, తప్పే అయ్యుండొచ్చు, ఆ చోట నీ చెవి మోసం చేసి ఉండొచ్చు అంది. పక్కన మనసు డాక్టరమ్మ ఉంటే మూర్ఛపోయేది. గొంతు వణుకుతోంది, వణకనిచ్చింది.

"మిగతాదంతా నిలబడే ఉందయ్యా. నువ్వు బాగుందన్న దాని కిందే నీకోసం పనిచేస్తున్నారు వీళ్లు. నాకు భయంగా ఉంది. అయినా నువ్వు గునపం పట్టేదాకా నేనిక్కణ్నించి కదలను."

ఎక్కడో నీటిబొట్టు పడుతున్న శబ్దం, ఇవతలో అవతలో తెలియలేదు. ఫోను పెట్టేశాడేమో అనుకుంది, అయిపోయింది, చెప్పకూడనిదే చెప్పాను అనుకుంది, ఆ ఒక్క నిమిషంలో ఆమెకు పదిహేడేళ్లూ చేతిలోంచి జారిపోయినట్టయింది.

"నీ నెత్తి మీద కమాను మీద అంకె ఎంతుంది?"

తలెత్తి చూసింది. అరవై రెండు అంది.

"అది నేను చూసింది కాదు. అరవై దాటాక మూడు కమానులు వేరేవాడు చూశాడు. వెనక్కి జరుగు, యాభై తొమ్మిది కిందికి. వైరు అందుతుందా?"

"చెవి పోయిందన్నావుగా, నీదైతేనేం, వేరేవాడిదైతేనేం?"

"చెప్పింది చెయ్యి" అని కసిరాడు.

ఆమె వైరు లాక్కుంటూ వెనక్కి నడిచింది, అరవై ఒకటి, అరవై, యాభై తొమ్మిది. ఇంజనీరు ఆమె ముఖం చూసి ఏమంటున్నాడని అడిగాడు, చెప్పింది. ఆయన వెంటనే రొట్టె తింటున్నవాణ్నీ వెల్డింగు వాళ్లనీ చెయ్యి ఊపి వెనక్కి పిలిచాడు, వాళ్లు ఎందుకని కూడా అడక్కుండా బకెట్టుతో సహా లేచి వచ్చారు. వచ్చాను, అందరం వచ్చాం అని ఫోనులో చెప్పింది. అక్కడే ఉండు, కదలకు అన్నాడు. తరవాత మాట ఆమెతో కాదు, ఎవరితోనో, ఒరే, ఆ గునపం ఎక్కడ పడేశార్రా అంటున్నాడు. ఎవరో ఫోను అందుకున్నారు, ఆ పాటల వెల్డరు కాబోలు, ఊపిరి బిగబట్టి గోడ వైపు చాచి పట్టుకున్నట్టున్నాడు. మొదటి దెబ్బ వినబడింది. ఆగి, ఇంకోటి. ఆగి, కొంచెం పైన ఇంకోటి. ఆమెకు అన్నీ ఒకేలా ఉన్నాయి. చివరికి ఆయన గొంతు దూరం నుంచి, విసుగ్గా, పని మధ్యలో ఉన్న మనిషి గొంతు.

"కుడి గోడ డొల్ల. ఇప్పుడు ఎడమది చూస్తాను, చెప్పు వాళ్లకి."

ఆమెకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే, ఫోను చెవికి అదిమిపట్టి, కుడి గోడ డొల్లట అని ఇంజనీరుకు చెప్పింది.